ఆపరేషన్ ఫ్రీ అయినా అప్పు ఎందుకైతది: కూలి, పానం, సంపాదన రిస్క్ లెక్కలు

2023 డిసెంబర్‌ల ఆరోగ్యశ్రీ లిమిట్‌ను 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయ్, ఇగ పనిచేసే ప్రతి ఒక్కరికీ సోషల్ సెక్యూరిటీ అని టీవీల్లో, వాట్సాప్‌ల ఒకటే చర్చ. ఇంకోదిక్కు వరంగల్ లేబర్ అడ్డాల మీద నిలబడ్డోళ్లనో, ఎనుమాముల మార్కెట్ హమాలీలనో కదిలిస్తే చాలు, ఆపరేషన్ ఫ్రీగనే అయింది గానీ అప్పు మాత్రం ఇంకా తీరలేదు అనే మాట వినపడతది. రెండూ నిజమే. ఈ రెండు ఒకేసారి ఎట్ల నిజమైతయ్ అనేదాని మీద ఎకనామిస్టులు ముప్పై నలభై ఏండ్ల నుంచి పని చేస్తున్నరు, అందుల పేరున్న కొన్ని స్టడీలు మన తెలంగాణ ఊరి లెక్కల మీద నడిచినయే. నాకు అర్థమైన కాడికి అసలు విషయం ఇది: మన స్కీములన్నీ జబ్బుకు అయ్యే ఖర్చు చుట్టూ కట్టినయ్, కూలోళ్ల ఇంటిని కూలగొట్టేది మాత్రం జబ్బుతోని ఆగిపోయే సంపాదన.

రిస్క్ అంటే తక్కువ సంపాదన కాదు

ఇన్‌కమ్ రిస్క్ అంటే సంపాదన తక్కువుండుడు కాదు, వచ్చే నెల ఎంత వస్తదో చెప్పలేకపోవుడు. హన్మకొండల బట్టల షాపుల పనిచేసే ఒకామెకు నెలకు 15 వేలు అనుకుందాం, పన్నెండు నెలలూ అంతే. సెంట్రింగ్ పనికి పోయే ఒకాయనకు ఆరు నెలలు 20 వేల చొప్పున, ఆరు నెలలు 10 వేల చొప్పున వస్తయ్. ఏడాదికి ఇద్దరికీ లక్షా 80 వేలే, కాగితం మీద తేడా ఏం లేదు. కానీ ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, గ్యాస్ బండ సీజన్ చూసి రావు కదా, 10 వేలొచ్చే నెలల్ల రెండో ఇంట్ల చేబదులు మొదలైతది, 20 వేలొచ్చే నెలల్ల ఆ బదులు తీర్చుడే అయితది, మిత్తి పోను చేతిల నిజంగ మిగిలేది మొదటామె కన్నా తక్కువ.

ఇండ్ల ఇంకో ముడి ఉంది. సెంట్రింగ్ పని పడిపోయే నెలలు ఏవి? వానాకాలం. డెంగీ, మలేరియా, వైరల్ జరాలు ముదిరేది ఎప్పుడు? అప్పుడే. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన ఓపీ కాడ లైన్ పెరిగేది, అడ్డా మీద పొద్దెక్కినా పని దొరకనిది ఒకే కాలంల. రెండు నష్టాలు వేర్వేరు టైంల వస్తే ఒకదాన్ని ఇంకోదాంతోని సర్దుకోవచ్చు, కలిసొస్తే సర్దుకునేటందుకు ఏం మిగలదు. అందుకే ఏడాది సగటు చూసి ఈ ఇల్లు బాగనే ఉంది అని చెప్పేస్తే లెక్క తప్పుతది.

ఇట్లాంటోళ్లు ఎంతమంది అంటే, కేంద్రం చేసే లేబర్ సర్వే 2023-24 ప్రకారం దేశంల పనిచేసేటోళ్లల్ల నెల జీతం ఉన్నోళ్లు 21.7 శాతమే. 58.4 శాతం సొంత పని, అంటే రైతు నుంచి ఆటో ఆయన దాకా, 19.8 శాతం రోజు కూలి. నూటికి 78 మందికి పానం బాగలేని రోజు అంటే పైసలు రాని రోజే.

ఒక హమాలీ ఇంటి లెక్క

ఇది ఊహించుకున్న ఇల్లే, అంకెలు కూడా లెక్క తెలిసేటందుకు పెట్టినయే. మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే ఒకాయన, వయసు 45. సీజన్ల రోజుకు 800 పడుతది, నెలకు 22 రోజులు పని, అంటే 17,600. భార్య అదే యార్డుల కూలి చేస్తది, రోజుకు 350. ఆయనకు నడుంల డిస్క్ జరిగింది, ప్రైవేట్ దవాఖానల ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది, 80 వేల బిల్లు సర్కారే కట్టింది. ఆరు రోజులు బెడ్ మీద, ఆ తర్వాత మొత్తం కలిపి మూడు నెలలు బరువు ముట్టొద్దన్నరు.

ఇప్పుడు ఇంటికి పడ్డ భారం చూద్దాం. అడ్మిట్ కాకముందు బయట తీపిచ్చిన స్కాన్, టెస్టులు 6 వేలు. ఆటోలు, అటెండెంట్ తిండి 5 వేలు. ఇంటికొచ్చినంక గోలీలు నెలకు 1,500, మూడు నెలలకు 4,500. ఇవన్నీ కలిపితే 15,500. ఇగ రాకుండ పోయిన కూలి: ఆయనది మూడు నెలలు 52,800, భార్య దవాఖానల, ఇంట్ల ఆయనను చూసుకుంట ఇరవై రోజులు పని మానుకుంటే 7 వేలు, మొత్తం 59,800. రెండూ కలిస్తే 75,300. అందుల దాదాపు 80 శాతం పోయిన కూలే. బిల్లు సున్నా అయిన ఇంట్ల ఇది పరిస్థితి.

చేతిల 15 వేలుంటే మిగతా 60 వేలు బయట తేవాలె. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 1,800, ఏడాదికి 21,600, అసలు అట్లనే ఉంటది. అసలు దెబ్బ ఇంకా ముందుంది. మూడు నెలలైనంక ఆయన బస్తా ఎత్తలేడు, వాచ్‌మన్ లాంటి తేలిక పనికి పోతే నెలకు 10 వేలు అనుకుందాం. పాత సంపాదనకు ఇది 7,600 తక్కువ. ఆ ఏడాదిల మిగిలిన తొమ్మిది నెలలకే 68,400 పోతది, తర్వాత ప్రతి ఏడాది 91,200. సర్కారు కట్టిన ఆపరేషన్ బిల్లు కన్నా ఇది ఎక్కువ, మళ్ల ఇది ఒక్కసారితోని అయిపోయేది కాదు.

ఇది కూలోళ్లకే ఉండే బాధ అనుకోవద్దు. అమెరికాల ఎకనామిస్ట్ ఏమీ ఫింకెల్‌స్టీన్ వాళ్ల టీమ్ 2018ల ఒక స్టడీ అచ్చేసింది, దవాఖానల అడ్మిట్ అయిన, హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్న, 50 నుంచి 59 ఏండ్ల వాళ్లను తీసుకుని తర్వాత ఏమైందో చూసిండ్రు. మూడో ఏడాదికి వాళ్ల సంపాదన దాదాపు 20 శాతం పడిపోయింది, జేబుల నుంచి కట్టిన వైద్య ఖర్చు కన్నా ఈ నష్టమే చాలా పెద్దది. జీతం, ఇన్సూరెన్స్ ఉన్న దేశంలనే ఇట్లుంటే అడ్డా మీద ఎట్లుంటదో ఆలోచించుకోవాలె.

ఒక్కింటి కష్టం, ఊరందరి కష్టం

అయితే చుట్టాలు, దోస్తులు, ఊరోళ్లు ఆదుకోరా అని అడగొచ్చు. ఈ ప్రశ్న మీదనే పెద్ద వాదన నడిచింది, అదీ మన దగ్గరి లెక్కలతోనే. పటాన్‌చెరుల ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి దాదాపు పదేండ్లు కొన్ని ఊళ్లల్ల ఇంటింటికీ తిరిగి పంట, కూలి, ఖర్చు, జబ్బు అన్నీ రాసిండ్రు. అందుల అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి ఒకటి, మహారాష్ట్రల శిరాపూర్, కంజారా ఇంకో రెండు. ఆ లెక్కలు ముందట పెట్టుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ 1994ల ఒక మాట చెప్పిండు: ఒక ఇంట్ల సంపాదన పడిపోయినా ఆ ఇంటి తిండి, ఖర్చు అంతగ పడిపోవట్లేదు, ఊరందరి సగటు ఎట్ల పోతే ఆ ఇంటి ఖర్చు అట్లనే పోతున్నది. అంటే కాయితాలు లేకపోయినా ఊరే ఒక ఇన్సూరెన్స్ లెక్క పనిచేస్తున్నది, బదులు ఇచ్చుడు, ధాన్యం ఇచ్చుడు, కూలికి పిలుచుడు అన్నీ కలిసి. కాకపోతే భూమి లేనోళ్లకు ఈ ఆసరా అంత గట్టిగ లేదని కూడా ఆయన లెక్కల్లనే ఒక ఊర్ల కనపడ్డది. నన్నడిగితే ఆ చిన్న మాటలనే అసలు సంగతి ఉంది.

ఊరి ఆసరాకు ఒక హద్దుంది. ఒక్కింటి కష్టమైతే పక్కింటోళ్లు ఇస్తరు. కరువొస్తే, 2020ల లాక్‌డౌన్ పడితే, సిరిసిల్లల ఆర్డర్లు ఆగి గల్లీ మొత్తం సాంచెలు బందయితే ఇచ్చేటోళ్లు ఎవరు, అందరి ఇండ్లల్ల అదే పరిస్థితి. మరి జబ్బు ఏ లెక్కకొస్తది? చూస్తే ఒక్కింటి కష్టమే, కాబట్టి ఊరు ఆదుకోవాలె. కానీ 2002ల పాల్ గెర్ట్‌లర్, జొనాథన్ గ్రూబర్ ఇండోనేషియా లెక్కలు తీసి వేరే సంగతి చెప్పిండ్రు. చిన్న జబ్బులకు కుటుంబాలు బాగనే సర్దుకుంటున్నయ్, మనిషి లేవలేని పెద్ద జబ్బొస్తే మాత్రం నష్టంల 40 శాతం కూడా పూడ్చుకోలేకపోతున్నయ్ అని.

ఎందుకట్ల? ఆ ఇక్రిశాట్ ఊళ్ల మీదనే అంజినీ కొచ్చర్ 1995ల చేసిన పని చూస్తే కొంత తెలుస్తది. పంట పోతే మనిషి కూలికి పోయి ఆ నష్టం కొంత పూడ్చుకుంటడు. మగమనిషి పానమే పోతే ఆ కూలి దారి కూడా మూసుకుపోతది, మిగిలేది బయటి అప్పే. కష్టంల ఆదుకునే ఆఖరి ఆస్తి ఒళ్లు, జబ్బు దాన్నే పట్టుకుంటది.

తిండి తగ్గలేదంటే నష్టం లేనట్టేనా

టౌన్‌సెండ్ చూసింది ఖర్చును. ఖర్చు తగ్గలేదు కాబట్టి ఇల్లు తట్టుకుంది అనుకుంటే, ఆ ఖర్చుకు పైసలు యాడికెల్లి వచ్చినయ్ అనేది చూడనట్టే. ఈ ముడి విప్పిన స్టడీల్ల నాకు బాగ నచ్చింది మనోజ్ మోహనన్‌ది, 2013ల వచ్చింది. కర్ణాటకల బస్సు యాక్సిడెంట్లల్ల దెబ్బలు తగిలినోళ్లను తీసుకుని, అదే రూట్లల్ల బస్సెక్కి దెబ్బ తగలనోళ్లతోని పోల్చి చూసిండు. తిండి, ఇంటి ఖర్చు, పండుగల ఖర్చు దాదాపు అట్లనే ఉన్నయ్, పిల్లల చదువు ఖర్చు కొంచెం తగ్గింది, అప్పు మాత్రం బాగ పెరిగింది. బయటికెళ్లి చూసేటోళ్లకు ఆ ఇల్లు మామూలుగనే కనపడతది, దసరాకు యాట కోసినట్టే ఉంటది, లోపల పుస్తెలతాడు కుదువలో ఉంటది.

అప్పొక్కటే కాదు. ఇక్రిశాట్ ఊళ్లల్ల కష్టమొచ్చినప్పుడు ఎడ్లను అమ్ముకునుడు మీద మార్క్ రోజెన్‌జ్వైగ్, కెన్నెత్ వోల్పిన్ 1993ల లెక్కలు తీసిండ్రు. ఎడ్లు అమ్మితే ఈ ఏడు తిండి గడుస్తది, వచ్చే ఏడు దున్నకానికి కిరాయి కట్టాలె, పంట తగ్గుతది. ఈ కాలంల ఎడ్ల జాగల ఆటో, కుట్టుమిషన్, అర ఎకరం పెట్టి చూసుకున్నా లెక్క మారదు.

ఇంకా లోతైన నష్టం ఒకటుంది, అది జబ్బు రాకముందే మొదలైతది. అదే రోజెన్‌జ్వైగ్, హాన్స్ బిన్స్‌వాంగర్ తోని కలిసి చూపించింది ఏందంటే, వాన మీద నమ్మకం లేని కాడ పేద రైతులు లాభం తక్కువైనా ఫర్వాలేదని ప్రమాదం తక్కువుండే పంటలు, పెట్టుబడులు ఎంచుకుంటరు, ఉన్నోళ్లు అట్ల చెయ్యరు. కూలోళ్ల ఇండ్లల్ల కూడా ఇదే నడుస్తది: కొత్త పని నేర్చుకునేటందుకు ఆరు నెలలు తక్కువ పైసలకు చెయ్యాలంటే, ఆ ఆరు నెలల్ల ఎవరికన్నా పానం బాగలేకపోతే ఎట్ల అని ఉన్న పనికే పోతరు. ఆ భయం ఖరీదు ఏ సర్వేలోనూ ఖర్చు కింద రాయరు.

జబ్బుతోని పేదరికమా, పేదరికంతోని జబ్బా

పేదోళ్లకు జబ్బులెక్కువ అనేది అందరికీ కనపడేదే, ఏది ముందు అనేదాని కాడనే గొడవ. అనిరుధ్ కృష్ణ అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల 36 ఊళ్లల్ల పాతికేండ్ల కథలు అడిగి రాసుకున్నడు. ఆ కాలంల 14 శాతం ఇండ్లు పేదరికంకెల్లి బయటపడ్డయ్, 12 శాతం ఇండ్లు కొత్తగ అందుల పడ్డయ్. పడ్డోళ్ల కథల్ల జబ్బు, దవాఖాన ఖర్చు మళ్లమళ్ల వచ్చినయ్. పేదరికం తగ్గింది అనే ఒక్క అంకె వెనక ఇంత రాకపోకలుంటయ్.

రెండో దిక్కు కూడా నిజముంది. అమెరికా పెన్సిల్వేనియాల 1970లు, 80లల్ల కంపెనీలు మూతపడో, ఒక్కసారే చాలామందిని తీసేసో ఉద్యోగం పోయిన పాత కార్మికుల మీద డేనియల్ సలివన్, టిల్ ఫాన్ వాఖ్టర్ 2009ల అచ్చేసిన స్టడీల, ఉద్యోగం పోయిన తర్వాతి ఏడాదిల చావుల రేటు 50 నుంచి 100 శాతం ఎక్కువుంది, ఇరవై ఏండ్లయినంక కూడా 10 నుంచి 15 శాతం ఎక్కువనే ఉంది. అట్ల గుంపుగ తీసేసుడు అనేది ఒక మనిషి ఆరోగ్యం చూసి జరగదు కదా, అందుకే ఇక్కడ ముందు పని పోయింది, తర్వాత పానం పోయింది అని గట్టిగ చెప్పొచ్చు. 1934ల పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు 2002ల మూతపడ్డప్పటి సంగతులు ఇంట్ల పెద్దోళ్ల నోట విన్న వరంగల్ వాళ్లకు ఇది అంకెలు లేకుండనే అర్థమైతది.

ఏ స్కీమ్ దేనికి పైసలిస్తది

ఇప్పుడు మన దగ్గరున్నయ్ వరుసగ పెట్టి చూద్దాం. ఆరోగ్యశ్రీ 2007ల మొదలైంది, దవాఖాన బిల్లు కడతది. దీని మొదటి నెలల మీద విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ చేసిన స్టడీల జనం జేబు నుంచి కట్టే అడ్మిషన్ ఖర్చు నిజంగనే తగ్గింది, ఎస్సీ ఎస్టీ ఇండ్లకు ఆ లాభం అంతగ అందలేదు. దేశం మొత్తం మీద కూడా వైద్య ఖర్చుల జనం జేబు నుంచి పోయే వాటా 2013-14ల 64.2 శాతం ఉంటే 2021-22కు 39.4కు తగ్గింది. ఇది చిన్న మార్పు కాదు, ఈ స్కీములు దండగ అనేటోళ్లతోని నేను ఒప్పుకోను. కానీ అది బిల్లు సంగతి.

రైతు బీమా 2018 ఆగస్టు నుంచి ఉంది, 18 నుంచి 59 ఏండ్ల రైతు చనిపోతే 5 లక్షలు. నేత కార్మికులకున్న బీమా కూడా చావుకే. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్ష బీమా యాక్సిడెంట్ల చనిపోతేనో, కాలో చెయ్యో కన్నో పోతేనో ఇస్తది. బీడీ కార్మికులకు నెల పింఛన్ ఉంది, అది జబ్బు చేసినా చెయ్యకపోయినా వస్తది కాబట్టి నిజానికి సంపాదన రిస్క్‌ను కొంత తగ్గించేది అదే, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఇండ్లల్ల ఆ పైసల మీద ఎంత భరోసా ఉంటదో చెప్పనక్కర్లేదు.

అంటే చస్తే పైసలున్నయ్, బెడ్ మీద ఉంటే బిల్లు కట్టేటోళ్లున్నరు. బతికుండి, ఇంట్ల పండుకుని, పనికి పోలేని రోజులకు, అంటే మన హమాలీ మూడు నెలలల్ల బెడ్ మీది ఆరు రోజులు పోను మిగిలిన 84 రోజులకు, ఎవరూ లేరు.

ఉన్నది ఒక్క ఈఎస్ఐ. 1948 చట్టంతోని మొదలైంది. నెల జీతం 21 వేల లోపున్న కార్మికుని నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం కూలి, లిస్టుల ఉన్న 34 పెద్ద జబ్బులకైతే 80 శాతం చొప్పున రెండేండ్ల దాకా. మన హమాలీకే ఈఎస్ఐ ఉండి ఉంటే ఆయన నెలకు 132 రూపాయలు, యజమాని 572 కడితే, మూడు నెలల నష్టం 52,800ల దాదాపు 37 వేలు చేతికొచ్చేది. 60 వేల అప్పు 23 వేలకు దిగేది. సింగరేణిల ఇంకో దారి ఉంది, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే వారసులకు ఉద్యోగం వస్తది, ఒక మనిషి పానం పోతే ఆ ఇంటి సంపాదనను తర్వాతి తరం దాకా కాపాడే ఏర్పాటు అది. అదే గనిల కాంట్రాక్ట్ కార్మికునికి ఆ దారి లేదు.

నాగాకు పైసలిస్తే పని ఎగ్గొడతరా

మరి అందరికీ ఇట్లాంటిది ఎందుకు పెట్టరు అంటే రెండు గట్టి అభ్యంతరాలున్నయ్, వాటిని కొట్టిపారేయొద్దు. ఒకటి, పానం బాగలేదని చెప్తే పైసలొస్తయంటే బాగున్నోళ్లు కూడా ఇంట్ల ఉంటరు అనేది. జర్మనీల 1996ల జబ్బు సెలవు జీతాన్ని 100 శాతం నుంచి 80కి తగ్గించినప్పుడు నికోలస్ జీబార్త్, మార్టిన్ కార్ల్‌సన్ చూస్తే సెలవులు నిజంగనే తగ్గినయ్. కాబట్టి ఈ భయం ఉత్తది కాదు. అయితే తగ్గిన ఆ సెలవుల్ల ఎన్ని దొంగ సెలవులు, ఎన్ని జరంతోనే పనికొచ్చినయ్? అదే జీబార్త్, స్టెఫాన్ పిచ్లర్‌తోని కలిసి అమెరికాల జబ్బు సెలవుకు జీతం తప్పనిసరి చేసిన జాగలు చూస్తే ఫ్లూ లాంటి జరాలు తగ్గినయ్, అంటే జరమొచ్చినోళ్లు ఇంట్ల ఉండుడుతోని పక్కనోళ్లకు అంటుడు తగ్గింది. రెండు ఫలితాలూ ఒకేసారి నిజమే, ఏది ఎంత అనేది పనిని బట్టి, ఇచ్చే శాతాన్ని బట్టి మారుతది. ఈఎస్ఐల నూరు శాతం కాకుండ 70 ఉండుడు కూడా ఈ లెక్కకు సరిపోతది, పని మానుకుంటే ఎంతోకొంత నష్టం ఉంటది.

రెండోది లెక్క తేల్చుడు. హమాలీకి రోజు ఎంత పడ్డదో రాసిన కాయితం ఉండదు, అన్‌లోడింగ్ అయినంక గుంపు మేస్త్రీ చేతిల పంచిన నోట్లే. ఎన్ని రోజులు పోయినయ్, రోజుకెంత పోయింది అనేది ఇన్సూరెన్స్ కంపెనీ ఎట్ల నమ్మాలె? పైగా స్వచ్ఛందంగ పెడితే ముందే నడుం నొప్పి ఉన్నోళ్లే ఎక్కువ చేరుతరు, ప్రీమియం పెరుగుతది, బాగున్నోళ్లు తప్పుకుంటరు, ఆఖరికి స్కీమ్ కూలుతది. అందుకే కంపెనీలు బెడ్ మీదున్న రోజుకు ఇంత అని ఇచ్చే పాలసీలు అమ్ముతయ్, డిశ్చార్జ్ పేపర్ ఉంటే చాలు కాబట్టి. రోజుకు 500 అనుకున్నా ఆరు రోజులకు మూడు వేలు, పోయింది 59,800.

యజమాని కట్టే 3.25 శాతం నిజంగ యజమాని జేబు నుంచే పోతదా అనేది కూడా ఎకనామిస్టులల్ల పాత తగాదా. కొంత కూలి పెంచకుండ కార్మికుని మీదికే తోస్తరు అని చాలామంది అంటరు. నిజమైనా, తన కూలిలనే కొంత పక్కకు పెట్టి కష్టకాలంల తీసుకున్నట్టు అయితది తప్ప దండగ కాదు అని ఇంకోవైపు వాళ్లంటరు. నాకు రెండో మాటే సబబుగ అనిపిస్తది.

కొత్త కోడ్‌ల హమాలీ ఎక్కడ

ఆ నాలుగు లేబర్ కోడ్‌లల్ల ఒకటైన సోషల్ సెక్యూరిటీ కోడ్ 2020ల డెలివరీ, క్యాబ్ నడిపేటోళ్లకు మొదటిసారి జాగ దొరికింది. ఆ కంపెనీలు ఏడాది టర్నోవర్‌ల 1 నుంచి 2 శాతం, వర్కర్లకు ఇచ్చేదాంట్ల 5 శాతం మించకుండ ఫండ్‌కు కట్టాలె. ఒక్క కంపెనీకి కట్టుబడని మనిషికి కూడా వసూలు చేసే దారి ఉంటది అని దీంతోని తేలింది. అసంఘటిత కార్మికులకు కేంద్రం ప్రాణ బీమా, వైకల్యం, ఆరోగ్యం, ప్రసూతి, ముసలితనం మీద స్కీములు పెట్టాలె, రాష్ట్రం పీఎఫ్, పనిల దెబ్బలకు సాయం లాంటివి పెట్టాలె అని రాసిండ్రు. కానీ ఎంత, ఎప్పటి నుంచి అనేది నోటిఫికేషన్ల సంగతి. మామూలు జబ్బుతోని పోయిన రోజుల కూలి అనే మాట ఆ జాబితల విడిగ లేదు.

పనిల దెబ్బ అనేదాంట్ల హమాలీకి ఇంకో చిక్కుంది. బస్తా మీద పడి కాలు విరిగితే అది ఏ రోజు, ఏ దుకాణం ముందట జరిగిందో చెప్పొచ్చు, సాక్షులుంటరు, ఎవరి పని మీదున్నడో తెలుస్తది. ఇరవై ఏండ్లు పది దుకాణాలకు మోసిన నడుం అరిగిపోతే ఏ తారీఖు రాయాలె, ఏ సేటును యజమాని అనాలె? రకరకాల పనులకు అంటుకునే జబ్బుల లిస్టు చట్టంల ఉంటది గానీ, ఒక్క యజమాని లేని మనిషి ఆ లిస్టు పట్టుకుని ఎవరి కాడికి పోవాలె అనేదే ఇప్పటి దాకా తేలని భాగం. మార్కెట్ యార్డుల అమ్మే సరుకు మీద ఫీజు వసూలైతనే ఉంది కాబట్టి, డెలివరీ కంపెనీల టర్నోవర్ లెక్క అట్లనే బస్తా మీద ఇంత అని ఫండ్‌కు మళ్లించొచ్చు అనేది ఒక వాదన. ఆ భారం తిరిగి రైతు మీదనే పడతది అనేది దానికి జవాబుగ వచ్చే వాదన.